బాగుంది అంటే చాలదు



సినిమా చూసి ఇంటికి రాగానే ఎవరైనా "ఎలా వుందండీ?" అని అడిగితే, మనలో చాలామందిమి చెప్పే జవాబు ఒకటే. "బాగుంది." ఇంకాస్త గుచ్చి అడిగితే, "పాటలు బాగున్నాయి" అంటాం. మరీ నచ్చకపోతే, "ఏదో, ఫరవాలేదు" అంటాం. అక్కడితో సరి. అదే ప్రశ్న ఇంట్లో మగవాళ్ళనో, కాలేజీకి వెళ్ళే పిల్లలనో అడిగి చూడండి. డైరెక్టరు ఎక్కడ తప్పటడుగు వేశాడు, ఇంటర్వెల్ తర్వాత కథ ఎందుకు సాగదీశాడు, ఫలానా పాట ఎందుకు అనవసరం—అంటూ అరగంట ఉపన్యాసమిస్తారు. మనం కాఫీ కలుపుతూ ఆ ఉపన్యాసం వింటూ వుంటాం.

పైగా, "ఆడవాళ్ళదేముంది, నాలుగు కన్నీళ్ళు పెట్టిస్తే సినిమా బాగుందంటారు" అనే మాట ఒకటి! ఈ మాట మీరూ వినే వుంటారు. మరి మ్యాట్నీ ఆటలు నిండింది ఎవరివల్ల? "కుటుంబ సమేతంగా చూడదగిన చిత్రం" అని పోస్టర్లమీద అంతంత అక్షరాలతో వేసుకున్నది ఎవర్ని పిలవడానికి? మన టిక్కెట్టు డబ్బులు కావాలి గానీ, మన అభిప్రాయం మాత్రం అక్కర్లేదన్నమాట! అయితే తప్పంతా వాళ్ళదే అనీ అనలేం. మనమూ మన అభిప్రాయాన్ని ఒక్క మాటలో తేల్చేసి లేచిపోతాం.

ఇప్పుడు సినిమా మన ఇంటికే వచ్చేసింది. టీవీలో వస్తుంది, చేతిలో వున్న ఫోనులోనూ వస్తుంది. పప్పు వుడికేలోగా కాస్త, బట్టలు మడతపెడుతూ కాస్త చూస్తాం. ఇందులో ఒక సుఖం వుంది. పాత సినిమా మళ్ళీ హాలుకి వచ్చేదాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు. మధ్యాహ్నం 1955 నాటి సినిమా చూసి, రాత్రి 2023 నాటి సినిమా చూడొచ్చు. అలా పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక్కోటి విడిగా చూసినప్పుడు తట్టని సంగతులు తడతాయి. ఈమధ్య నేనలా చూసిన నాలుగైదు సినిమాల గురించి నాకు తోచినవి మీతో చెబుతాను. నేనేమీ సినిమాలు పరీక్షించే పండితురాలిని కాను, మీలాగే ఇల్లు చూసుకునే మనిషిని. నాతో మీరు ఏకీభవించి తీరాలని కూడా లేదు. కాదనండి. అయితే ఎందుకు కాదో చెప్పండి. నేను కోరేది అదే.

ముందుగా నా అలవాటు ఒకటి చెబుతాను. కథ ఏదైనా సరే, సినిమా చూస్తున్నప్పుడు మనసులో మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఆ ఇంట్లో పని ఎవరు చేస్తున్నారు? ఆ ఇంట్లో ఏది ఎలా జరగాలో ఎవరు తేలుస్తున్నారు? ఎవరికైనా కోపం వస్తే, ఆ కోపానికి నష్టపోయేదెవరు? ఈ మూడూ మనకి పుస్తకాలు చదివి నేర్చుకోవలసిన విషయాలు కావు. పుట్టింట్లో, అత్తింట్లో రోజూ చూసినవే.

మొదట "మిస్సమ్మ" చూశాను. 1955లో విజయావారు తీసిన సినిమా. ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వం. కథ మీకు తెలిసిందే. ఒక పల్లెటూరి బడికి భార్యాభర్తలైన ఇద్దరు బి.ఏ.లు కావాలని ప్రకటన వస్తుంది. ఉద్యోగాల్లేని ఎన్.టి. రామారావు, సావిత్రి భార్యాభర్తలమని చెప్పుకుని ఆ వూరికి వెళతారు. ఆయన హిందువు, ఆవిడ క్రైస్తవురాలు. ఆవిడకి ఉద్యోగం సరదాకి కాదు, ఇంటిమీద వున్న అప్పు తీర్చడానికి. ఆ అప్పు పేరు చెప్పి వేధించే మనిషి ఒకడు వెంటపడుతుంటాడు.

ఈసారి నాకు బాగా నచ్చింది మేరీ కోపం. సినిమా అంతా ఆవిడ చిరాకు పడుతూనే వుంటుంది. అయినా ఆ చిరాకుని సినిమా ఎక్కడా "చదువుకున్న పిల్ల పొగరు" అని ఎగతాళి చెయ్యలేదు. ఇష్టం లేని బొట్టు పెట్టుకోవాలి, కాని మొగుణ్ణి మొగుడని పిలవాలి, నలుగురిలో నటించాలి. అవన్నీ చేస్తూ నవ్వుతూ వుండమంటే ఎవరికి మాత్రం సాధ్యం? రావు కూడా ఆవిడమీద పెత్తనం చెయ్యడు. కసురుకుంటే సర్దుకుపోతాడు. తర్వాతి కాలంలో వచ్చిన ఎన్ని సినిమాల్లో చూడలేదూ, చదువుకున్న అమ్మాయంటే గర్విష్ఠి అనీ, హీరో ఆవిడ గర్వం అణచాలనీ! వాటితో పోలిస్తే 1955 నాటి మిస్సమ్మే కొత్తగా కనిపించింది నాకు.

సావిత్రి హాస్యం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆవిడంటే మనకి కన్నీళ్ళే గుర్తొస్తాయి. కానీ ఇందులో ఆవిడ చూసే చూపులోనే నవ్వొస్తుంది. మొదట ఆవిడకి ఇవ్వాలనుకున్నది రెండో కథానాయిక వేషం. భానుమతిగారు తప్పుకోవడంతో మేరీ వేషం ఈవిడకి వచ్చింది. ఆ రెండో వేషం జమున వేసింది. ఆ మార్పు వల్ల మనకొక గొప్ప నటి దొరికిందనుకోవచ్చు.

నచ్చనిది కూడా చెప్పాలి కదా! సినిమా చివర మేరీ నిజానికి ఆ జమీందారుగారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మే అని తేలుతుంది. దాంతో మతాల చిక్కు సులువుగా విడిపోతుంది. అంతసేపూ ఆ ఇద్దరి మధ్యా వున్న అసలైన చిక్కుని విప్పకుండా, "అబ్బే, అసలు చిక్కే లేదు" అన్నట్టయింది. ఆ రోజుల్లో ఇంకోలా ముగిస్తే జనం ఒప్పుకునేవారు కాదేమో. అది వేరే సంగతి. నాకు మాత్రం ఆ ముగింపు కాస్త తప్పించుకున్నట్టే అనిపించింది. బాపు-రమణలు 1991లో ఇదే కథని తిరగేసి "పెళ్ళిపుస్తకం" తీశారు. అందులో నిజంగా పెళ్ళయినవాళ్ళే ఉద్యోగాలకోసం పెళ్ళి కానట్టు నటిస్తారు. వీలైతే ఈ రెండూ ఒకదాని తర్వాత ఒకటి చూడండి. రెండింట్లోనూ జీతంకోసం ఇంటి సంగతి దాచుకోవలసి రావడమే కథ.

తర్వాత "గుండమ్మ కథ" చూశాను. 1962లో వచ్చింది. రామారావుగారికి నూరో సినిమా. ఇది ఎన్నోసారి చూడటమో లెక్కలేదు. కానీ ఈసారి మూడు ప్రశ్నలతో చూశానేమో, కొత్త సినిమా చూసినట్టే వుంది.

ఆ ఇంట్లో పని ఎవరు చేస్తున్నారు? సవతి కూతురు లక్ష్మి. తెల్లవారింది మొదలు ఇంటెడు చాకిరీ ఆ పిల్లదే. సొంత కూతురు సరోజ పక్కమీద నుంచి లేవదు. తర్వాత రామారావు పనివాడు అంజి వేషంలో ఆ ఇంట్లో చేరి, రుబ్బురోలు ముందు కూర్చుని రుబ్బుతూ పాట పాడతాడు. ఆ పాటకి నవ్వని వాళ్ళుంటారా? నేనూ నవ్వాను. నవ్వాక ఒక ఆలోచన వచ్చింది. అదే రోటి ముందు అంతకుముందు దాకా లక్ష్మి కూర్చుంటే ఎవరికీ నవ్వు రాలేదు. మగాడు రుబ్బితే నవ్వొస్తుంది, ఆడది రుబ్బితే రాదు! ఆడవాళ్ళ లోకం మేలుకుందని ఆ పాట చెబుతుంది. రోలు మాత్రం పాట అవగానే మళ్ళీ మన దగ్గరికే వచ్చింది.

ఇంకొకటి. ఓర్చుకుని చాకిరీ చేసిన లక్ష్మికి బహుమానం ఏమిటి? డబ్బున్న మొగుడు. కష్టం తెలియని సరోజకి శిక్ష ఏమిటి? మొగుడు లేనివాడిలా నటించి ఆవిడ చేత తోటపని చేయిస్తాడు. నాతోపాటు కూర్చుని చూస్తున్న మా మనవరాలు ఇక్కడ ఒక ప్రశ్న వేసింది. "అమ్మమ్మా, ఇంతకీ పని చెయ్యడం గౌరవమా, శిక్షా? అక్క చేస్తే మంచిపిల్ల, చెల్లెలికి అదే పనిష్మెంటా?" నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కష్టం విలువ తెలియాలనే వాళ్ళ వుద్దేశం. అది మంచిదే. కానీ ఆ విలువ తెలియవలసింది సరోజకేనా? కూర్చుని భోంచేసే మగవాళ్ళకి అక్కర్లేదా? ఆ మాట మాత్రం సినిమాలో ఎవరూ అనలేదు. ఎవరెవర్ని ఎలా దారిలో పెట్టాలో పథకం వేసింది కూడా మగవాళ్ళే.

ఇంత అన్నాక, సూర్యకాంతంగారి గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. గుండమ్మ దుర్మార్గురాలు కాదు, చూడండి. మగదిక్కు లేని ఇంట్లో ఆస్తి చూసుకుంటూ, ఎవరు మోసం చేస్తారో అని నోటిని అడ్డం పెట్టుకుని బతికిన మనిషి. పొగిడితే ఇట్టే పడిపోతుంది. చివర్లో ఛాయాదేవి వేసిన దుర్గమ్మ ఆ ఇంట్లో తిష్ఠవేసి గుండమ్మనే ఏడిపిస్తుంటే, అంతదాకా తిట్టుకున్న మనకే జాలేస్తుంది. గయ్యాళి మీద జాలి పుట్టించడం అందరివల్లా అయ్యే పని కాదు. లక్ష్మి వచ్చి సవతితల్లిని కాపాడే చోట నాకు ఈసారి కూడా కళ్ళు చెమర్చాయి. లోపాలు కనిపించినంత మాత్రాన సినిమామీద ప్రేమ పోదు. మన ఇంట్లోవాళ్ళ లోపాలు మనకి తెలియవా? వాళ్ళమీద ప్రేమ పోతోందా?

ఆ రోటి సంగతి మనసులో మెదులుతుండగా చూసింది మలయాళం సినిమా "ది గ్రేట్ ఇండియన్ కిచెన్". 2021 జనవరిలో వచ్చింది. జియో బేబీ అనే ఆయన తీశారు. నిమిషా సజయన్ కోడలిగా, సూరజ్ వెంజారమూడు భర్తగా వేశారు. భాష రాకపోయినా ఫరవాలేదు. ఇందులో మాటలు తక్కువ. కూర తరిగే చప్పుడు, తిరగమోత చప్పుడు, అంట్లు తోమే చప్పుడు, ఇవే ఎక్కువ. మనకి అనువాదం అక్కర్లేని చప్పుళ్ళు.

కొత్తకోడలు అత్తవారింటికి వస్తుంది. అత్తగారు తన కూతురి పురిటికి వెళ్ళడంతో వంటిల్లంతా ఈ అమ్మాయి మీద పడుతుంది. మామగారు నెమ్మదస్తుడు, గట్టిగా ఒక్క మాటనడు. అన్నం మాత్రం కట్టెల పొయ్యిమీదే వండాలి, పచ్చడి చేత్తోనే నూరాలి, బట్టలు మెషీనులో వెయ్యకూడదు. మెత్తగానే చెబుతాడు. భర్త బడిలో పంతులు, పిల్లలకి పాఠాలు చెబుతాడు. ఇంట్లో సింకు కింద పైపు కారుతోంది, మనిషిని పిలిపించమని భార్య చెబుతూనే వుంటుంది, ఆయన మరిచిపోతూనే వుంటాడు. ఆ అమ్మాయి రోజూ ఆ మురికినీళ్ళు ఎత్తిపోస్తూనే వుంటుంది. తిని నమిలిన ములక్కాడ పిప్పి బల్లమీదే వదిలేసి లేచిపోతారు తండ్రీ కొడుకులు. ఒకరోజు హోటల్లో ఆయన శుభ్రంగా తినడం చూసి, "ఇక్కడ పద్ధతి బాగానే తెలుసే!" అన్నట్టు నవ్వుతుందా అమ్మాయి. అంతే, ఆయనకి కోపం వస్తుంది. క్షమాపణ చెప్పించుకునేదాకా వదలడు.

మా పక్కింటావిడకి ఈ సినిమా నచ్చలేదు. "ఇందులో కథేముందండీ? రోజూ మనం చేసేదేగా! అంట్లు తోమడం చూడ్డానికి సినిమా ఎందుకు?" అంది. ఆవిడ మాటలోనూ న్యాయం లేకపోలేదు. అలిసిపోయి కూర్చుని మళ్ళీ వంటిల్లే చూడమంటే ఎవరికైనా విసుగే. కానీ నాకు తోచింది వేరు. మనం రోజూ చేసేదే, నిజం. ఎవరైనా ఎప్పుడైనా కూర్చుని చూశారా దాన్ని? ఆ విసుగు పుట్టించడమే వాళ్ళ వుద్దేశం. గంటన్నర సినిమాలో ఆ పని చూడ్డానికే మనకి విసుగొస్తే, ఏళ్ళ తరబడి చేసేవాళ్ళ మాటేమిటి?

బయట వున్న రోజుల్లో ఆ అమ్మాయిని ఒక గదిలో విడిగా వుంచడం, ఇంట్లో మగవాళ్ళు అయ్యప్ప దీక్ష పట్టడం—ఆ భాగం కొందరికి బాధ కలిగించవచ్చు. భక్తి వున్న ఇంట్లో ఇది ఎలా మాట్లాడుకోవాలో ఎవరి ఇంటిని బట్టి వాళ్ళకే తెలియాలి. ఇక నాకు తోచిన లోపం ఒకటుంది. అత్తగారి మనసు మనకి పూర్తిగా తెలియలేదు. తన భార్య కూడా పెద్ద చదువు చదివిందని, ఉద్యోగం చెయ్యకుండా ఇంటిపట్టునే వుందని మామగారు గొప్పగా చెప్పుకుంటాడు. ఆ చదువుకున్నావిడ ఆ వంటింట్లో ఏమనుకుంటూ పచ్చళ్ళు నూరిందో! ఆవిడ కథ ఇంకో సినిమా అవుతుంది. చివరికి కోడలు ఇల్లు వదిలి వెళ్ళిపోయి నాట్యం నేర్పుతుంది. భర్త మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడు. అతను తాగి వదిలేసిన కప్పు ఈసారి కొత్త భార్య కడుగుతుంటుంది. నన్నడిగితే సినిమా అంతటికీ బలమైన చోటు ఆ కప్పే.

అత్తగారి మనసు తెలియలేదన్నాను కదా. ఆ ముచ్చట తీర్చింది 2019లో వచ్చిన "ఓ బేబీ". నందినీ రెడ్డి దర్శకత్వం. ఒక కొరియా సినిమాని మన ఇంటికి తగ్గట్టు మార్చి తీశారు. చిన్నప్పుడే భర్త పోయి, ఒంటరిగా కొడుకుని పెంచిన బేబీ—ఈ వేషం లక్ష్మిగారిది—ఇంట్లో అందరిమీదా అజమాయిషీ చేస్తుంటుంది. కోడలికి ఆ పోరు పడక జబ్బు చేస్తుంది. కొడుకు ఎటూ చెప్పలేక నలిగిపోతాడు. ఆ బాధలో వున్న ముసలావిడ వింతగా ఇరవై నాలుగేళ్ళ పిల్లగా మారిపోతుంది. అప్పుడు సమంత.

సమంత నడక చూశారా? మోకాళ్ళ నొప్పులున్న మనిషిలా కూర్చోవడం, కుర్రాళ్ళని బామ్మలా గదమాయించడం—థియేటర్లో పిల్లలు కేరింతలు కొట్టారు. నాకు నచ్చింది మాత్రం సినిమా కోడల్ని చెడ్డదాన్ని చెయ్యకపోవడం. అత్త మంచిదైతే కోడలు రాక్షసి, కోడలు మంచిదైతే అత్త రాక్షసి—ఎన్నేళ్ళు చూశాం ఈ తూకం! ఇందులో ఇద్దరికీ నిజంగానే బాధ వుంది. ఆ అత్త పెత్తనం వెనక, తన వయసంతా కొడుక్కి ధారపోసిన మనిషి భయం వుంది. నచ్చనిది చెప్పాలంటే, చివరికి మళ్ళీ త్యాగం చేసి యౌవనం వదులుకోవలసింది ఆవిడే. మనవడికి రక్తమిస్తే తన వయసు తనకి తిరిగొస్తుందని తెలిసీ ఇస్తుంది. అమ్మమ్మగా నేను కూడా అదే చేస్తాను లెండి. అయినా ఎప్పుడూ ఆడదాని త్యాగంతోనే కథ కంచికి వెళ్ళాలా అనిపించింది.

అన్నట్టు, ఈ సినిమా తీసింది ఒక స్త్రీ కదా. అదేమీ నిన్నా మొన్నా మొదలయింది కాదు. భానుమతిగారు 1953లోనే "చండీరాణి"కి దర్శకత్వం వహించారు. సావిత్రి 1968లో "చిన్నారి పాపలు" తీసింది. విజయనిర్మలగారు యద్దనపూడి సులోచనారాణి నవలతో 1973లో "మీనా" తీసి, ఆ తర్వాత నలభైకి పైగా సినిమాలకి దర్శకత్వం వహించి గిన్నిస్ పుస్తకానికెక్కారు. ఆడవాళ్ళకేం తెలుస్తుందనేవాళ్ళకి ఈ మూడు పేర్లూ చెప్పండి.

ఇక నా మూడో ప్రశ్న—కోపానికి నష్టపోయేదెవరు? దీనికి జవాబు 2023లో వచ్చిన "బలగం"లో దొరికింది. వేణు యెల్దండి తీశారు. తెలంగాణ పల్లెలో కొమురయ్య అనే ముసలాయన పోతాడు. పిట్టకి పెట్టిన ముద్ద కాకి ముట్టదు. ఎందుకు ముట్టదు? కుటుంబం విడిపోయి వుంది కనక. విడిపోయిందెందుకు? ఎప్పుడో విందు దగ్గర నల్లి బొక్క విషయంలో అల్లుడికీ, బావమరిదికీ మాటామాటా పెరిగి. నవ్వొస్తుంది కదూ! కానీ మన ఇళ్ళల్లో విడిపోయిన సంబంధాలు లెక్కపెట్టి చూడండి. కారణం అంతకంటే పెద్దదిగా వుందేమో చెప్పండి. వడ్డన దగ్గర జరిగిన అవమానం, పెళ్ళిలో పెట్టిన చీర, పిలుపులో వచ్చిన తేడా.

తగువు పడింది ఇద్దరు మగవాళ్ళు. పుట్టింటి గడప తొక్కకుండా ఏళ్ళకేళ్ళు గడిపింది కూతురు లక్ష్మి. ఆవిడకి అన్నదమ్ముల మీద కోపం లేదు, మొగుణ్ణి కాదని రాలేదు. తండ్రి పోయాక ఆ గుమ్మంలోకి వచ్చి ఆవిడ ఏడ్చే ఏడుపు తండ్రి కోసమొక్కటే కాదు, పోయిన ఆ ఏళ్ళన్నిటికోసం. ఆ వేషం వేసిన రూపలక్ష్మిగారి ముఖం నాకు ఇంకా కళ్ళముందే వుంది. చివర బుర్రకథ దంపతులు పాడే పాట దగ్గర ఏడవనివాళ్ళు లేరు. అక్కడ మగవాళ్ళు కూడా ఏడ్చారు. మనల్ని కన్నీళ్ళకే మెచ్చుకుంటారంటారే, చూశారా! ఆ ఏడాది తెలంగాణ పల్లెల్లో వూరంతా ఒకచోట చేరి తెరకట్టుకుని ఈ సినిమా చూశారు. చూసి, విడిపోయిన అన్నదమ్ములు కలిశారని పత్రికల్లో వార్తలు కూడా వచ్చాయి.

ఇదీ నేను చెప్పదలుచుకున్న అసలు సంగతి. సినిమా గురించి మాట్లాడటం వుత్త కాలక్షేపం కాదు. ఇంట్లో ముఖాముఖీ అనలేని మాటలు కొన్ని వుంటాయి. "నాకు సాయం చెయ్యండి" అంటే సాధింపు అవుతుంది. "మీ అమ్మగారి మాట నాకు కష్టంగా వుంది" అంటే గొడవ అవుతుంది. అదే సినిమాలో మనిషి మీద పెట్టి అంటే ఎవరికీ దెబ్బ తగలదు, మాట మాత్రం చెవిన పడుతుంది. "ఆ పైపు బాగుచేయించడానికి అన్ని రోజులా, పాపం ఆ పిల్ల!" అని మీరనండి చాలు. మీ ఇంట్లో బాగుచెయ్యవలసిన పైపు ఏదో మీ ఆయనకి గుర్తొస్తుంది.

నాకు తెలిసినావిడ ఒకరు "బలగం" చూశాక, అన్నం వడ్డిస్తూ భర్తతో అన్నారట, "ఆ లక్ష్మిని చూస్తే మన చెల్లాయి గుర్తొచ్చిందండీ. మనింటికొచ్చి ఎన్నేళ్ళయింది?" అని. అంతకుముందు ఆ పేరెత్తితే కంచం ముందునుంచి లేచిపోయే మనిషి, ఆ రోజు లేవలేదు. పదిరోజుల తర్వాత చెల్లెలికి ఫోను చేశాడు. రాకపోకలు ఇంకా మొదలు కాలేదు. పండక్కి పిలవాలా వద్దా అని ఇద్దరూ తర్జనభర్జన పడుతున్నారు. ఒక్క సినిమాతో సంసారాలు బాగుపడిపోతాయని నేననను. కానీ ఏళ్ళ తరబడి మూసివున్న మాట ఒకటి బయటికి వచ్చింది కదా!

అయితే రెండు మూడు జాగ్రత్తలు. సినిమా చూడనివాళ్ళకి ముగింపు చెప్పేసి వాళ్ళ సరదా పాడుచెయ్యకండి. ఎదుటివాళ్ళకి నచ్చిన సినిమాని "అదీ ఒక సినిమాయేనా" అని తీసిపారెయ్యకండి. మన మాటని అలా తీసిపారేస్తేనే కదా మనకి కష్టం వేసింది! పాతవన్నీ బంగారమనీ, కొత్తవన్నీ చెత్త అనీ ముందే తేల్చుకుని కూర్చోకండి. పాతవాటిలో మరిచిపోయిన చెత్త కూడా బోలెడుంది, మిగిలి వున్న మంచివాటినే మనం మళ్ళీ మళ్ళీ చూస్తున్నాం. ఇంకా, ప్రతి సినిమాకీ తక్కెడ పట్టుకు కూర్చోనూ అక్కర్లేదు. "మాయాబజార్" వచ్చిందంటే నేను ప్రశ్నలన్నీ పక్కన పెట్టేస్తాను. 1957లో వచ్చిన ఆ సినిమాకి రంగులద్ది 2010లో మళ్ళీ విడుదల చేశారు. నాకు మాత్రం ఆ నలుపు తెలుపుల్లోనే వెన్నెల ఎక్కువ కనిపిస్తుంది. సావిత్రి ఘటోత్కచుడిలా పెద్ద పెద్ద అంగలు వేస్తుంటే హాయిగా నవ్వుకుంటాను. నవ్వుకోవడానికి కూడా సినిమా కావాలి మరి.

ముఖ్యంగా మగపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఆడపిల్లలకి మనం చెప్పకపోయినా వంటింటి కథ ఎలాగూ తెలుస్తుంది. మగపిల్లలకి చూపిస్తేనే తెలుస్తుంది. పాఠం చెప్పినట్టు చెప్పొద్దు, పారిపోతారు. "ఆ కంచం ఎవరు తీశారో చూశావురా?" అని ఒక్క ప్రశ్న అడిగి వదిలెయ్యండి.

ఈ వారం మీరూ ఒక సినిమా చూడండి. పాతదైనా సరే, కొత్తదైనా సరే. "ఎలా వుంది?" అని ఎవరైనా అడిగితే మూడు మాటలు చెప్పండి. నచ్చింది ఒకటి, నచ్చనిది ఒకటి, ఎందుకో ఒకటి. ఎవరూ అడగకపోతే మీరే చెప్పండి. మొదట్లో ఇంట్లోవాళ్ళు కాస్త ఆశ్చర్యంగా చూస్తారు. "అమ్మకి ఇన్ని సంగతులు తెలుసా!" అనుకుంటారు. తర్వాత అలవాటు పడతారు. ఇంకొన్నాళ్ళకి వాళ్ళే వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, నువ్వేమంటావు?" అని అడుగుతారు. అప్పుడు ఆ కాఫీ ఏదో వాళ్ళనే కలపమని, మీరు కూర్చుని చెప్పండి.

ఇక సెలవు.